డాన్స్ డిస్కులో మన పాటకు చోటేదీ?

సినిమా పిచ్చి ఉన్నచోట తగాదా తప్పదు. తాతల కాలంలో రామారావు గొప్పా, నాగేశ్వరరావు గొప్పా అని తగాదా. నాన్నల కాలంలో కృష్ణ గొప్పా, శోభన్‌బాబు గొప్పా అని తగాదా. హీరోల లెక్క తేలకపోతే పాటల మీద పడేవారు. క్యాసెట్‌లో ఉన్న పాట సినిమాలో ఎందుకు లేదు? మొదటివారం చూసిన పాట రెండోవారానికి ఏ కత్తెర పాలైంది? హిందీలో ఉన్న పాటను మన తెలుగులో ఎందుకు తీసేశారు? టీ చల్లారిపోయినా ఈ ప్రశ్నలు మాత్రం చల్లారేవి కావు.

ఈమధ్య మూసాపేటలో నేను విన్న తగాదా వీటన్నిటికీ తమ్ముడే. కాకపోతే ఇందులో హీరో లేడు, హీరోయిన్ లేదు, దర్శకుడి పేరు అసలే లేదు. తెర మీద నాలుగు బాణం గుర్తులు, నేల మీద ఒక ప్లాస్టిక్ చాప, చేతిలో ఒక డిస్కు. ‘ఏ డిస్కులో పాటలు బాగున్నాయి?’ అన్నదే కేసు. వాదులు ముగ్గురు. తీర్పు చెప్పే జడ్జి ఎవరూ లేరు.

వినోదానికి విన్న తగాదా చివరికి ఎక్కడికి తీసుకెళ్ళిందో చెబుతాను. ముందు ఆట సంగతి తెలుసుకోవాలి.

అడుగు తప్పితే ‘బూ’!

జపాన్‌లోని కొనామీ కంపెనీ 1998లో ఆటల హాళ్ళలోకి ఒక యంత్రాన్ని దించింది. పేరు డాన్స్ డాన్స్ రివల్యూషన్. అభిమానులు ముద్దుగా డీడీఆర్ అంటారు. యంత్రం ముందు చిన్న వేదిక. దానిమీద ముందు, వెనక, ఎడమ, కుడి... నాలుగు మీటలు. పాట మొదలవగానే తెర మీద బాణాలు కింది నుంచి పైకి పాకుతూ వస్తాయి. బాణం పైనున్న గుర్తును చేరిన క్షణంలో ఆ వైపు మీట మీద కాలు పడాలి. సరిగ్గా పడితే ‘పర్ఫెక్ట్’. కాస్త అటూ ఇటూ అయితే ‘గ్రేట్’, ‘గుడ్’. ఇంకా తప్పితే ‘బూ’! మన నేల క్లాసు ప్రేక్షకుడు చేసే పనిని అక్కడ యంత్రం చేస్తుందన్నమాట.

1999 ఏప్రిల్‌లో ఈ ఆట జపాన్‌లో ప్లేస్టేషన్ డిస్కు రూపంలో ఇంటికొచ్చింది. వేదిక బదులు మీటలున్న ప్లాస్టిక్ చాప. పరిచి, టీవీ ముందు గంతులేయడమే.

ఈ ఆటలో కథ లేదు. విలన్ లేడు. కాపాడాల్సిన రాకుమారి లేదు. పాటే కథ, పాటే హీరో, పాటే విలన్! మొదటి ఆటలోనే ‘పారానోయియా’ అని ఒక పాట ఉంది. దాని వేగం నిమిషానికి 180 దెబ్బలు. 2001లో వచ్చిన డీడీఆర్ మాక్స్‌లో ‘మాక్స్ 300’ అనే పాట పెట్టారు. పేరులోనే ఉంది వేగం. ఆ పాట ముందు ఎంతమంది వీరుల మోకాళ్ళు మొరాయించాయో లెక్కలేదు. అలాంటప్పుడు డిస్కు కొనేవాడు ముందు చూసేది బొమ్మల నాణ్యతను కాదు, అట్ట వెనకున్న పాటల చిట్టాను.

మూడు పార్టీల గది

మూసాపేట సంగతి పాఠకులకు కొత్తగా చెప్పాలా? అటు కూకట్‌పల్లి, ఇటు ఎర్రగడ్డ, మరోవైపు బాలానగర్ కార్ఖానాలు. శ్రీరాములు, లక్ష్మీకళ థియేటర్ల దగ్గర కొత్త సినిమా రోజున ట్రాఫిక్‌కు దారి ఉండదు. 2017 నవంబర్‌లో మెట్రో వచ్చాక హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే కుర్రకారు ఇక్కడి సందుల్లో గదులు తీసుకోవడం మరీ ఎక్కువైంది. అలాంటి ఒక గదిలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, ముగ్గురు మిత్రుల మధ్య కూర్చున్నాను.

మొదటివాడు మూసాపేటలోనే పుట్టి పెరిగిన కుర్రాడు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత పీఎస్2 పెట్టె, దానితోపాటు ఒక డాన్స్ చాప బేరమాడి కొన్నాడు. రెండోవాడి బాల్యం టెక్సస్‌లో గడిచింది. వాళ్ళ నాన్న ఉద్యోగం ముగించుకుని తిరిగొచ్చినప్పుడు సామానులో అమెరికా పీఎస్2 కూడా వచ్చింది. అది 110 వోల్టులది కాబట్టి పక్కన ఇటుక లాంటి ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి గుయ్‌మంటూ ఉంటుంది. మూడోవాడిది కాకినాడ. అతని దగ్గర పెట్టే లేదు, డిస్కే లేదు. కానీ జపాన్ డిస్కుల మీద అతనికున్న భక్తి అంతా ఇంతా కాదు.

“ఏంట్రా మీ లిస్టులు? జపానోడి లిస్టు ముందు అవీ లిస్టులేనా?” అన్నాడు కాకినాడ.

“అరే, నీ దగ్గర డిస్కే లేదు. లొల్లి మాత్రం నీదే ఎక్కువ!” అన్నాడు మూసాపేట.

“మీరిద్దరూ ఆగండ్రా. అమెరికా డిస్కులో ఉన్న పాట ఒక్కటి మీ చాప మీద ఆడి చూపించండి, చాలు” అన్నాడు టెక్సస్.

ఆడటానికి వీలుంటే కదా! అమెరికా డిస్కు మన పెట్టెలో తిరగదు. మన దేశంలో అధికారికంగా అమ్మిన పీఎస్2 యూరప్ పద్ధతిది. అంటే పాల్ పద్ధతి. జపాన్ డిస్కు జపాన్ పెట్టెకే, అమెరికా డిస్కు అమెరికా పెట్టెకే. ప్రపంచాన్ని మూడు ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో తాళం వేశారు. ఆ గదిలోని మూడు పార్టీలు పుట్టింది ఆ మూడు తాళాల నుంచే!

“అన్నా, నువ్వు చెప్పు” అన్నాడు మూసాపేట కుర్రాడు నావైపు తిరిగి, “నేను వద్దనుకుని ఆ పాటలు వదిలేశానా? నాకు దొరికిన డిస్కు ఇదే. దొరికినదే మంచిదనాలె గద!”

ఈ మాట నాకు నచ్చింది. మనం చాలాసార్లు అభిరుచి అని గర్వపడేది, నిజానికి మన వీధి చివర దుకాణంలో దొరికిన సరుకే కదా!

పేరొకటే... పాటలు వేరు

ఇంతకీ ఒకే ఆటకు ఇన్ని చిట్టాలు ఎందుకు? తీగ లాగితే డొంకంతా కదిలింది.

జపాన్‌లో మొదటి డీడీఆర్‌కు చాలా పాటలు ‘డాన్స్‌మేనియా’ అనే ఆల్బమ్‌ల నుంచి వచ్చాయి. అవి తోషిబా ఈఎంఐ కంపెనీ రికార్డులు. స్వీడన్ అమ్మాయిల జంట స్మైల్ డాట్ డీకే పాడిన ‘బటర్‌ఫ్లై’ అలా వచ్చిందే. వీటికి తోడు కొనామీ సొంత సంగీత దర్శకులు కట్టిన పాటలు. వాళ్ళలో నవోకి మాయెదా పేరు అభిమానులకు కంఠతా వచ్చు. ఆయన ఒక్కడే రకరకాల మారుపేర్లతో పాటలు చేశాడు. ‘పారానోయియా’ కింద కళాకారుడి పేరు చోట 180 అని అంకె మాత్రమే ఉంటుంది. అదీ ఆయనే!

అమెరికాలో మొదటి ప్లేస్టేషన్ డిస్కు 2001లో వచ్చింది. మరుసటి ఏడాది అక్కడ ‘కొనామిక్స్’ వచ్చింది. పేరుకు తగ్గట్టే అందులో కొనామీ సొంత పాటలదే రాజ్యం. యూరప్‌లోనైతే ఆట పేరే మార్చి ‘డాన్సింగ్ స్టేజ్’ అన్నారు. యూరోమిక్స్, మెగామిక్స్, ఫ్యూజన్... ఇలా సాగింది వరస. అక్కడి జనానికి చెవికెక్కిన పాప్ పాటలు వాటిలో చేరాయి.

అసలు గమ్మత్తు ‘ఎక్స్‌ట్రీమ్’ దగ్గర ఉంది. 2002 చివర్లో జపాన్ ఆటల హాళ్ళలోకి వచ్చిన డీడీఆర్ ఎక్స్‌ట్రీమ్ యంత్రంలో 240 పాటలు. మరుసటి ఏడాది అదే పేరుతో జపాన్‌లో ఇంటి డిస్కు వచ్చింది. అందులో ఉన్నది సగం కంటే తక్కువ, 111 పాటలు. 2004లో అమెరికాలోనూ అదే పేరుతో డిస్కు వచ్చింది. పేరు మాత్రమే అది. లోపల పాటల చిట్టా వేరు, ఆట తీరూ వేరు! మన దగ్గర ఒక సినిమాకు పెట్టిన పేరే మరో సినిమాకు పెడితే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే. టెక్సస్ కుర్రాడు ‘ఎక్స్‌ట్రీమ్ నా దగ్గర ఉంది’ అన్నప్పుడల్లా కాకినాడ కుర్రాడు ‘అది ఎక్స్‌ట్రీమే కాదు’ అని ఎగిరిపడేది ఇందుకే. ఇద్దరూ చెప్పేది నిజమే!

ఇక గేమ్‌క్యూబ్ పెట్టెకు 2005లో ‘మారియో మిక్స్’ వచ్చింది. అందులో మారియో ఆటల బాణీలు, వాటికి తోడు పాత క్లాసికల్ బాణీలు. మోజార్ట్ బాణీకి మారియో గంతులు! హక్కుల గడువు ఎప్పుడో తీరిన బాణీకి ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. ఇక్కడే అసలు రహస్యం మీకు తట్టి ఉండాలి.

పాట వెనక కాగితం

డిస్కులోకి పాట ఎక్కేది అభిరుచితో కాదు, కాగితంతో. ఏ పాటకైనా రెండు తాళాలుంటాయి. ఒకటి బాణీ, సాహిత్యం హక్కు. రెండోది రికార్డింగ్ హక్కు. పెళ్ళి ఆర్కెస్ట్రాను తలుచుకోండి. స్టేజీ మీద ఎవరో కుర్రాడు ఘంటసాల పాట పాడతాడు. బాణీ అదే, మాటలవే. కానీ ఆ గొంతు ఘంటసాలది కాదు. ఘంటసాల గొంతే కావాలంటే ఆ రికార్డు యజమాని దగ్గరకు వెళ్ళాలి. రెండో తాళం అదే.

రెండో తాళం ఖరీదైనప్పుడు ఆటల కంపెనీలు ఆర్కెస్ట్రా దారి పడతాయి. 2009 నవంబర్‌లో యూబీసాఫ్ట్ కంపెనీ వీ పెట్టెకు ‘జస్ట్ డాన్స్’ తెచ్చింది. చాప అక్కర్లేదు, చేతిలో రిమోటు పట్టుకుని తెర మీది బొమ్మను అనుకరిస్తే చాలు. మొదటి డిస్కులో 32 పాటలు. ఈ వరసలో వచ్చిన కొన్ని డిస్కుల్లో ప్రసిద్ధ పాటల పక్కన ‘స్వెట్ ఇన్వేడర్స్’, ‘గర్లీ టీమ్’ లాంటి వింత పేర్లు కనిపిస్తాయి. అసలు గాయకుల బదులు మళ్ళీ పాడించిన పాటలవి. అభిమానులు ఇప్పటికీ వీటి మీద కత్తులు దూసుకుంటారు. ‘బాణీ ఉంటే చాలదా?’ అనేది ఒక వర్గం. ‘ఆ గొంతు లేని పాట పాటేనా?’ అనేది ఇంకో వర్గం. డబ్బింగ్ సినిమా చూసి వచ్చినవాడికి ఈ బాధ విడమరచి చెప్పాలా?

హక్కు ఒక దేశానికి దొరికి, మరో దేశానికి దొరక్కపోవచ్చు. దేశం మారితే చెవులు కూడా మారతాయి. 2011లో జస్ట్ డాన్స్‌ను జపాన్‌లో నింటెండో విడుదల చేసింది. దాని చిట్టాలో జపాన్ పాటలను ప్రత్యేకంగా చేర్చారు. అంటే, జపాన్ వాడికి తన పాట తన చాప మీదకు వచ్చింది. మరి మనకు?

మనకు వచ్చింది చూడండి. 2010 నాటి జస్ట్ డాన్స్ 2లో ‘కట్టి కలందల్’ అని ఒక పాట, ఆ మరుసటి ఏడాది జస్ట్ డాన్స్ 3లో ‘కురియో కో ఉద్దా లే జానా’ అని ఇంకో పాట. రెండింటి పక్కనా ‘బాలీవుడ్ రెయిన్‌బో’ అని రాసి ఉంటుంది. అది మనకు తెలిసిన సినిమా కాదు, సంగీత దర్శకుడూ కాదు. చీరలు, బొట్లు, చేతి ముద్రలు... దూరం నుంచి చూసిన ఇండియా! 2012లో జస్ట్ డాన్స్ 4కు పంజాబీ ఎంసీ పాట ‘ముండియాన్ తో బచ్ కే’ వచ్చినప్పుడు మన దేశపు జనం నిజంగా ఎగిరిన పాట ఒకటి ఆ చిట్టా ఎక్కినట్టయింది.

మూసాపేట గదిలో ఉన్న డిస్కుల అట్టలన్నీ తిరగేశాను. తెలుగు పాట ఒక్కటీ లేదు. అన్నట్టు, మన హైదరాబాద్‌లో ఇలాంటి పెట్టెలకు ఆటలు చేయడం చేతకాదనుకోకండి. 2009లో పీఎస్2కు వచ్చిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ ఇక్కడి ఆరోనా టెక్నాలజీస్ చేసిందే. కబడ్డీ, గిల్లీదండాతో వచ్చిన ‘దేశీ అడ్డా’ ఇక్కడి గేమ్‌శాస్త్ర చేసిందే. హనుమంతుడు ఎక్కాడు, కబడ్డీ ఎక్కింది. పాట మాత్రం కింద ఉండిపోయింది.

ఏ చరణం కోస్తారు?

సరే, రేపు ఒక కంపెనీ వచ్చి ‘మీ పాట ఒకటి ఇవ్వండి’ అంటే? అక్కడా ఒక చిక్కుంది. డీడీఆర్‌లో మామూలుగా ఒక పాట నడిచేది సుమారు నిమిషంన్నర. అంతకంటే ఎక్కువైతే కాళ్ళకు బరువు, ఆటల హాలు వాడికి నష్టం. వెనక క్యూ కట్టినవాళ్ళు ఊరుకోరు!

మన పాట అలా కాదే. పల్లవి, చిన్న సంగీతం, మొదటి చరణం, మళ్ళీ పల్లవి, పెద్ద సంగీతం, రెండో చరణం... నాలుగు నిమిషాల భోజనం. నిమిషంన్నరకు కుదించాలంటే పల్లవి, ఒక్క చరణం మిగులుతాయి. ఏ చరణం ఉంచాలి? ఈ ప్రశ్న మూసాపేట గదిలో వేసి చూశాను. అంతవరకు ఉన్న మూడు పార్టీలు ఆరయ్యాయి!

ఈ కోత కొత్తది కాదులెండి. పాత 78 రికార్డుకు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. పాట పొడవైతే ఆ వైపు సగం, ఈ వైపు సగం. పాట మధ్యలో లేచి రికార్డు తిప్పి వేసుకున్న తరం మనింట్లో ఇంకా ఉంది. అడిగి చూడండి. సాధనం కొలతను బట్టి పాట ఒదగడం గ్రామఫోన్ నాటి నుంచీ ఉన్నదే.

కొన్న పాట ఎటుపోయింది?

తగాదా మంచి రసపట్టులో ఉండగా టెక్సస్ కుర్రాడు ఒక సంగతి చెప్పాడు. గది కాసేపు మూగబోయింది.

2003లో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ పెట్టెకు ‘డీడీఆర్ అల్ట్రామిక్స్’ వచ్చింది. దాని గొప్ప ఏమిటంటే, డిస్కులో ఉన్న పాటలు చాలకపోతే ఎక్స్‌బాక్స్ లైవ్ ద్వారా కొత్త పాటల కట్టలు కొని దించుకోవచ్చు. ఆ రోజుల్లో అదో అద్భుతం. ఈ కుర్రాడు అప్పుడు స్కూలు పిల్లాడు. పుట్టినరోజుకు చుట్టాలిచ్చిన డాలర్లు దాచుకుని పాటలు కొన్నాడట. 2010 ఏప్రిల్ 15న ఆ పాత పెట్టె కోసం నడిచిన లైవ్ సేవ ఆగిపోయింది. అప్పటికే దించుకున్న పాటలు పెట్టెలో ఉన్నాయి కాబట్టి బెంగపడలేదు. కొన్నేళ్ళకు పెట్టె చెడిపోయింది. పాటలూ దానితోనే పోయాయి.

“డిస్కులో ఉన్న పాటలు ఇప్పటికీ ఉన్నాయి. నేను ఏరి ఏరి కొనుక్కున్నవే లేవు. మళ్ళీ కొందామన్నా అమ్మేచోటు లేదు కదండీ” అన్నాడు. మా చెల్లీ నేనూ కలిసి ఆడిన పాటలు అవే, అని కూడా అన్నాడు.

లొల్లి పెట్టే మూసాపేట కుర్రాడు లేచి వెళ్ళి అందరికీ టీ తెచ్చాడు. ఇంకేం మాట్లాడలేదు.

ఆ తర్వాత కాలం పూర్తిగా ఆ దారిలోకే మళ్ళింది. జస్ట్ డాన్స్ 2015లో చందా పద్ధతి పెట్టింది. నెలకో ఏడాదికో డబ్బు కడితే వందల పాటలు. కానీ లైసెన్సు గడువు తీరిన పాటలు కొన్ని ఆ చిట్టా నుంచి తప్పుకుంటూ వచ్చాయి. 2022 నవంబర్‌లో వచ్చిన ‘జస్ట్ డాన్స్ 2023’ పెట్టె కొని తెరిస్తే లోపల డిస్కూ లేదు, కార్డూ లేదు. ఒక కాగితం మీద కోడ్ మాత్రం ఉంది! విచిత్రం చూడండి, అదే జస్ట్ డాన్స్ 2019 చివర్లో కూడా పాత వీ పెట్టెకు డిస్కు వేసింది. అటక మీద ఆ డిస్కు ఉన్నవాడు ఈ రోజుకూ ఆడుకోవచ్చు.

ఇది విన్నాక ‘ఏ డిస్కులో పాటలు బాగున్నాయి’ అన్న తగాదా నాకు వేరుగా కనిపించింది. జపాన్ చిట్టా పెద్దది కావచ్చు, అమెరికా చిట్టా వేరుది కావచ్చు, యూరప్ చిట్టా మనకు దొరికినది కావచ్చు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఈ ముగ్గురు తిట్టుకోవడానికి చిట్టా అంటూ మిగిలి ఉంది. డిస్కు మీద అచ్చయింది కాబట్టి మిగిలింది. గాల్లో నడిచే చిట్టా గురించి పదేళ్ళ తర్వాత తగాదా పడదామన్నా సాక్ష్యం ఏదీ?

తీన్మార్‌కు బాణాలు

మరి తెలుగు పాట కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలా? కూర్చోలేదు మన మూసాపేట కుర్రాడు. 2001 నుంచి ‘స్టెప్‌మేనియా’ అని ఒక ప్రోగ్రాం ఉంది. ఎవరైనా ఉచితంగా కంప్యూటర్‌లో వేసుకోవచ్చు, పాట పెట్టి తమకు తామే బాణాలు అమర్చుకోవచ్చు. బోనాల ఊరేగింపులోనూ గణేష్ నిమజ్జనంలోనూ మోగే తీన్మార్‌ను అతను తన ఫోన్‌లోనే రికార్డు చేసుకున్నాడు. వాళ్ళ బస్తీ డప్పుల వాళ్ళను అడిగి మరీ! దానికి బాణాలు వేశాడు.

“ఇంగ్లీషు పాటలకైతే ఒకటి, రెండు, మూడు, నాలుగు... లెక్క నాలుగే అన్నా. తీన్మార్‌కు గట్ల పెడితే కాలు కుంటుకుంట పోతది. మూడు మూడుగ విరగాలె” అని నాకు ఆడి చూపించాడు.

నిజమే! పేరులోనే మూడు దెబ్బలున్న తాళం అది. ‘నాటు నాటు’ నడక కూడా ఆరెనిమిది నడకే, మూడు మూడుగా విరిగేదే. డీడీఆర్ లాంటి ఆటల్లో నాలుగు లెక్కల పాటలే ఎక్కువ. మూడుగా విరిగే తాళానికీ బాణాలు వేసే ఏర్పాటు ఉంది కానీ, దానికి పని చెప్పే పాటలు తక్కువ. మన పాట గనక ఎక్కితే ఆ ఆటకు కొత్త నడక నేర్పుతుంది.

2023 మార్చిలో కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ వేదిక ఎక్కాక ప్రపంచంలో ఎక్కడెక్కడి జనమో ఆ పాటకు కాళ్ళు కదిపారు. తెలుగు ముక్క రానివాడు కూడా ప్రేమ్ రక్షిత్ వేయించిన అడుగు వేయబోయి చతికిలపడ్డాడు. డాన్స్ ఆటకు కావలసిన సరుకు సరిగ్గా అదే కదా! పైగా ఆ పాట తెలుగుతో ఆగలేదు. హిందీ, తమిళం, కన్నడం, మలయాళాల్లో వేరు మాటలతో వచ్చింది. ఏ దేశపు డిస్కులో ఏ భాష గొంతు పెట్టాలన్న తగాదా ముందే సిద్ధంగా ఉంది!

కాగితాల సంగతి కూడా మనవాళ్ళు గుర్తుంచుకోవాలి. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమాతో కలిపి హాల్లో చూపించడం తప్ప, పాటను మరే విధంగా వాడినా గీత రచయితకూ సంగీత దర్శకుడికీ రాయల్టీలో వాటా ఉండాలన్నది. అంటే రేపు మన పాట ఒక డాన్స్ ఆట ఎక్కితే, దాన్ని రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ అందులో భాగం ఉండాలి. పాట ఎక్కడమే కాదు, కాగితం సరిగా ఎక్కడం కూడా అభిమానులు పట్టించుకోవలసిన విషయమే.

మీ చిట్టా ఏదీ?

అభిమానుల తగాదాలను పెద్దవాళ్ళు పనిలేని పని అంటారు. నేను మాత్రం అలా అనను. ఏ పాట ఉంది, ఏ పాట లేదు, ఎందుకు లేదు అని అడిగేవాళ్ళు ఉన్నంతకాలం పోయిన పాట పోయిందని కనీసం తెలుస్తుంది. అడిగేవాళ్ళు లేనిచోట చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది.

కాబట్టి మిత్రులారా, మీకొక పని! ఒక తెలుగు డాన్స్ డిస్కు వస్తుందనుకుని 10 పాటల చిట్టా రాయండి. మూడే షరతులు. ఒకటి, ప్రతి పాటనూ నిమిషంన్నరకు కోయాలి. ఏ చరణం ఉంచారో చెప్పాలి. రెండు, పాట రాసినదెవరు, బాణీ కట్టినదెవరు, రికార్డు ఏ కంపెనీదో కనుక్కుని పక్కన రాయాలి. మూడు, తెలుగు రాని మీ హాస్టల్ మిత్రుడొకడు ఆ పాటకు అడుగు వేయగలగాలి. వేయించి చూశాకే చిట్టాలో చేర్చాలి.

ఫోన్‌లో వద్దు, కాగితం మీద రాయండి. ఫోన్లు మారతాయి. మూసాపేట ముగ్గురూ అప్పుడే రాయడం మొదలుపెట్టారు. తొమ్మిది పాటల దాకా కుదిరిందట. పదోదాని మీద మాత్రం కాకినాడకూ టెక్సస్‌కూ మాటల్లేవని నిన్ననే కబురొచ్చింది!